జడ్చర్లను వదిలేస్తేనే లెక్క కుదురుతుంది

మహబూబ్‌నగర్‌లో ఎమ్మెస్సీ గణితం చదివే అబ్బాయి ఒకడు అడిగాడు: "సార్, డామినేషన్ మీద ఏ పేపర్ తీసినా 'ఫలానా కుటుంబం గ్రాఫులకు' అనే ఉంటది. ఒక్కో కుటుంబానికి ఒక్కో లెక్కెందుకు? అన్నిటికీ కలిపి ఒక ఫార్ములా లేదా?"

లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే 44వ నంబరు హైవే ఎక్కాలి.

షాద్‌నగర్, బాలానగర్, రాజాపూర్, జడ్చర్ల, భూత్పూర్, మూసాపేట, అడ్డాకుల, కొత్తకోట, పెబ్బేరు. మధ్యలోని చిన్న ఊళ్లను వదిలేస్తే వరసగా తొమ్మిది. కొన్ని ఊళ్లలో అంబులెన్సులు పెట్టాలి. ప్రతి ఊరికీ బండి ఆ ఊళ్లోనైనా ఉండాలి, పక్క ఊళ్లోనైనా ఉండాలి. కనీసం ఎన్ని బండ్లు కావాలి? ఊళ్లను చుక్కలుగా, రోడ్లను వాటిని కలిపే గీతలుగా గీస్తే ఆ బొమ్మే గ్రాఫు: చుక్కలు శీర్షాలు, గీతలు అంచులు, ఈ కనీస సంఖ్యే డామినేషన్ సంఖ్య. ఆ పేరు 1962లో గణితవేత్త ఓర్ పెట్టాడు.

బాలానగర్, భూత్పూర్, కొత్తకోట. మూడు చాలు. క్లాసులో ఇక్కడే ఆగిపోతారు: ఇలా వరసగా సాగే దారి గ్రాఫుకి ఊళ్ల సంఖ్యను మూడుతో భాగించు, శేషం ఉంటే ఒకటి కలుపు, తర్వాతి సిద్ధాంతం. రెండు బండ్లతో ఎందుకు కాదో చాలామంది చెప్పరు. అసలు మజా అందులోనే ఉంది.

షాద్‌నగర్, జడ్చర్ల, అడ్డాకుల చూడండి. ఇందులో ఏ రెండింటినీ ఒకే బండి కాయలేదు, ఎందుకంటే అవి పక్కపక్కన లేవు, వాటికి ఉమ్మడి పక్క ఊరూ లేదు. కాబట్టి మూడింటికీ మూడు వేరు బండ్లు కావాల్సిందే. వీటిని సాక్షులందాం. బండ్లు ఎన్ని చాలునో ఎంపిక చెబుతుంది, ఎన్నింటికి తగ్గదో సాక్షులు చెబుతారు. రెండు సంఖ్యలూ కలిస్తే వాదన ముగిసినట్టే. మూడు అచ్చిరాదనేవాళ్లకు ఈ రోడ్డు మీద ఇంకో దారి లేదు.

విచిత్రమేమిటంటే, ఇన్ని ఊళ్లలో పెద్ద జంక్షన్ జడ్చర్లే, దానికే బండి దక్కలేదు. పట్టుబట్టి అక్కడ ఒకటి పెడితే మొత్తం నాలుగవుతాయి. మూడు బండ్లతో తొమ్మిది ఊళ్లు కాయాలంటే ప్రతి బండీ సరిగ్గా మూడేసి ఊళ్లను కాయాలి, ఒక్క ఊరూ రెండుసార్లు లెక్కలోకి రాకూడదు. జడ్చర్ల బండి రాజాపూర్‌ను కాసేస్తే, షాద్‌నగర్ వైపు బండికి రెండు ఊళ్లే మిగులుతాయి.

ఇప్పుడు జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్‌కి కొమ్మ కలపండి. షాద్‌నగర్, మహబూబ్‌నగర్, మూసాపేట, పెబ్బేరు నలుగురు సాక్షులు. అంటే నాలుగు బండ్లు తప్పవు, జడ్చర్లకీ ఒకటి ఇవ్వొచ్చు. నిజానికి మహబూబ్‌నగర్ నుంచి భూత్పూర్‌కీ రోడ్డుంది. అదీ గీస్తే మహబూబ్‌నగర్, మూసాపేట రెండింటికీ భూత్పూర్ ఉమ్మడి పక్క ఊరైపోతుంది. సాక్ష్యం చెల్లదు. మళ్లీ పాత మూడు బండ్లే చాలు, జడ్చర్ల మళ్లీ బయటే. ఒక్క గీత తేడా!

అబ్బాయి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. వలయాలు లేకుండా, అంతా ఒకటిగా కలిసి ఉన్న గ్రాఫుని చెట్టు అంటారు. ఏ చెట్టులోనైనా సాక్షుల గరిష్ఠ సంఖ్య, బండ్ల కనీస సంఖ్య తప్పకుండా సమానమని 1975లో మీర్, మూన్ నిరూపించారు. చెట్టు కొసనుంచి లోపలికి వస్తూ చకచకా లెక్క తేల్చే పద్ధతి కూడా అదే ఏడాది వచ్చింది. వలయం వచ్చిందా, ఆ హామీ పోయినట్టే. నాలుగు ఊళ్లు గుండ్రంగా ఉంటే బండ్లు రెండు కావాలి, సాక్షి మాత్రం ఒక్కడే దొరుకుతాడు. ఏ గ్రాఫుకైనా అంటే సమస్య ఎన్‌పీ-కంప్లీట్. వేగంగా తేల్చే పద్ధతి ఎవరికీ తెలియదు. అందుకే కుటుంబాల వారీగా పట్టుకుంటారు: ఈ కుటుంబంలో సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది అని.

కుటుంబం మామూలుగా కనిపించినా పని తేలిక కాదు. గళ్ల గ్రాఫు తీసుకోండి, అడ్డవీధులు, నిలువువీధులు, ప్రతి కూడలీ ఒక శీర్షం. రెండు వైపులా కనీసం 16 వీధులుంటే, బండ్ల కనీస సంఖ్య కోసం రెండు కొలతలకూ రెండేసి కలిపి, గుణించి, 5తో భాగించి, శేషం వదిలి, 4 తీసేయాలి. 16×16కి 60. చాంగ్ 1992లో ఊహించిన ఈ సూత్రాన్ని గొంసాల్వెస్, పింలూ, రావ్, తొమాసే 2011లో గానీ నిరూపించలేకపోయారు. ఒక కూడలి తనతో కలిపి ఐదింటిని కాస్తుంది కాబట్టి 52 చాలాలి కదా అనిపిస్తుంది. అంచుల దగ్గర వృథా ఎక్కువ, అక్కడే వాళ్లకు చెమటలు పట్టాయి.

గళ్ల గ్రాఫు రెండు దారుల లబ్ధం: ఒక గ్రాఫులోని ప్రతి శీర్షం దగ్గరా రెండోదాని నకలు పెట్టి, పక్కపక్క నకళ్లలోని సాటి శీర్షాలను కలిపితే వచ్చేదే లబ్ధం. ఏ రెండు గ్రాఫుల లబ్ధానికైనా డామినేషన్ సంఖ్య, వాటి డామినేషన్ సంఖ్యల లబ్ధం కంటే తగ్గదని 1968లో విజింగ్ ఊహించాడు. రెండింటిలో ఒకటి చెట్టయితే మన సాక్షులే దీన్ని నిరూపించేస్తారు: ఒక్కో సాక్షి దగ్గరి నకలును కాయాలంటే దాని చుట్టూ ఉన్న పట్టీలో (సాక్షి, దాని పక్క శీర్షాల నకళ్లు) వేరుగా బండ్లు కావాలి, ఏ రెండు పట్టీలకూ ఉమ్మడి శీర్షం ఉండదు. అన్ని గ్రాఫులకూ అంటే మాత్రం ఇంకా తేలలేదు. 2000లో క్లార్క్, స్యూన్ ఆ సంఖ్యల లబ్ధంలో సగానికి తగ్గదని నిరూపించగలిగారు.