కెటిల్‌కి చక్రాలు: అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడి బజారులో మోటార్ వైండింగ్ నా పని. సాయంత్రమైతే కెటిళ్ళకి చక్రాలు బిగిస్తుంటాను. రిమోట్ కారు ఛాసిస్ (చక్రాలు, మోటారు ఉండే అడుగు చట్రం) మీద టీపాట్ ఎక్కించి, ఆవిరి యంత్రాల కాలం నాటి దానిలా ముస్తాబు చేసి, అడ్డంకులున్న ట్రాక్ మీద నడపడమే టీపాట్ రేసింగ్. ఇలా ఆవిరి యంత్రాల కాలం ముస్తాబంటే పడిచచ్చే స్టీమ్‌పంక్ వాళ్ళ ఆట ఇది. న్యూజిలాండ్‌లో ఓమరూ, ఇంగ్లండ్‌లో లింకన్ ఈ స్టీమ్‌పంక్ పండగలకి పేరుమోసిన ఊళ్ళు. వీడియోలు చూసి మన కుర్రాళ్ళు, అటు పాతపట్నం వాళ్ళు కూడా కెటిల్ చంకన పెట్టుకుని వస్తున్నారు. దాంతోపాటు కొన్ని గట్టి నమ్మకాలూ మోసుకొస్తున్నారు.

అపోహ: స్పీడున్న బండే గెలుస్తుంది.

ట్రాక్ మీద ఎత్తుపల్లాలు, ఇరుకు వంతెనలు, మెలికలు ఉంటే స్పీడెందుకు? మెల్లగా, జర్కు లేకుండా కదలడం ముఖ్యం. ఈ కార్లలో వాడే 540 సైజు బ్రష్డ్ మోటారు మీద టర్న్స్ అని ఒక అంకె ఉంటుంది, లోపల తీగ ఎన్ని చుట్లు చుట్టారో చెప్పేది. అది తక్కువైతే బండి దూకుతుంది, ఎక్కువైతే చెప్పిన మాట వింటుంది. 15 టర్న్స్ మోటారు ఉంటే తీసేసి 35 గానీ 55 గానీ వేయండి. రూల్స్ మాత్రం పోటీకో రకంగా ఉంటాయి, ముందే చదువుకోండి.

అపోహ: అసలైన ఇత్తడి కెటిల్ అయితేనే అందం.

అందమే, కాదనను. కానీ ఇత్తడి ఘన సెంటీమీటరుకి దాదాపు 8.5 గ్రాములు, అల్యూమినియం 2.7. అదే సైజు, అదే మందం అయితే మూడింతల బరువు. అదంతా చక్రాలకి పైనే కూర్చుంటుంది కాబట్టి మొదటి మలుపులోనే బోర్లా పడుతుంది.

నేనైతే టీ కొట్టు అల్యూమినియం కెటిల్ అడుగు కోసేసి, ఛాసిస్ మీద ఎంత కిందికి వీలైతే అంత దించుతాను. బ్యాటరీ దానికీ కింద. తర్వాత ఒక పలక మీద నిలబెట్టి పలకని పక్కకి వంచుతాను. 45 డిగ్రీల దాకా పడలేదంటే బరువు కేంద్రం ఎత్తు, కుడి ఎడమ చక్రాల మధ్య దూరంలో సగానికి మించలేదన్నమాట. 30 దగ్గరే పడితే పైన పెట్టిన నగల్లో కొన్ని విప్పాల్సిందే. ఇక్కడే కుర్రాళ్ళ మొహాలు మాడిపోతాయి.

అల్యూమినియానికి మామూలు సోల్డరింగ్ పట్టదు, పైన ఆక్సైడ్ పొర ఉంటుంది. పాప్ రివెట్లు గానీ 3 ఎంఎం స్క్రూలు గానీ వాడండి, చూడ్డానికీ పాత బాయిలర్‌లా ఉంటుంది. ఎమరీ పేపరుతో గరుకు చేసి, ఎచ్ ప్రైమర్ (రంగు లోహాన్ని పట్టుకునేలా చేసే అడుగు పూత) కొట్టాకే ఇత్తడి రంగు వేయాలి. లేకపోతే రేకుల్లా ఊడొస్తుంది.

అపోహ: నాలుగు పళ్ళచక్రాలు అతికిస్తే స్టీమ్‌పంక్ అయిపోతుంది.

నౌపడా నుంచి మన ఊరికి 1900లో నేరోగేజ్ రైలు వచ్చింది, 762 మిల్లీమీటర్ల గేజ్. ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయిపోయింది గానీ, అలాంటి పాత ఇంజన్ ఫొటో ఒకటి దగ్గర పెట్టుకుని చూడండి. ప్రతి పైపూ ఒక చోట మొదలై ఇంకో చోట కలుస్తుంది. ప్రతి కడ్డీకీ ఒక పని ఉంటుంది. మీ కెటిల్ మీదా అంతే. రెండు పళ్ళచక్రాలు పెడితే వాటి పళ్ళు ఒకదాన్నొకటి పట్టుకోవాలి, కుదిరితే ఇరుసుతో పాటు తిరగాలి. గడియారాలు బాగుచేసే షాపులో అడిగితే పాడైన గోడ గడియారాల సామాను దొరుకుతుంది. మూత మీద బొడిపెకి మన ఊరి కొమ్ము పని ముక్క పెట్టి చూడండి. నల్లగా నిగనిగలాడుతుంది, బరువుండదు.

అపోహ: లోపల నీళ్ళు మరగాలి.

"ఏటి మావయ్యా, ఆవిరి రాదా?" అని ప్రతివాడూ అడుగుతాడు. మరగబెట్టక్కర్లేదు. హ్యుమిడిఫయర్‌లో (గదిలో గాలికి తేమ పట్టించే యంత్రం) నీళ్ళని పొగమంచుగా చిమ్మే బిళ్ళ ఉంటుంది. 5 వోల్టులతో నడిచే అలాంటి బిళ్ళ సెట్టు, తడి దూది ఒత్తి పెడితే చల్లటి పొగమంచు కెటిల్ కొమ్ములోంచి వస్తుంది. ఆ తడి బ్యాటరీ వైపు దిగకుండా అడ్డు పెట్టండి.

అపోహ: బండి మధ్యలో ఆగిందంటే రిమోట్ నాసిరకం.

చాలాసార్లు తప్పు కెటిల్‌దే. రిమోట్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే రిసీవర్ యాంటెనా తీగ కొసన పైతొడుగు లేకుండా కనిపించే 31 మిల్లీమీటర్ల ముక్క, సిగ్నల్ పట్టేది అదే. దాన్ని లోహపు కెటిల్‌లో దాచేస్తే సిగ్నల్‌కి దారేది? ఖాళీ పెన్ను రీఫిల్ గొట్టంలోంచి ఆ కొస బయటికి తీసి, లోహానికి దూరంగా నిలబెట్టండి. అందంగా లేదని కత్తిరించకండి. ఈ బ్యాండ్ వాడుకోడానికి మన దేశంలో విడిగా లైసెన్స్ అక్కర్లేదు, ఆ టెన్షన్ వద్దు.

హాట్ గ్లూ గురించి ఒక్క మాట: మే నెల ఎండలో లోహం మీద అది మెత్తబడుతుంది. ఎపాక్సీ వాడండి.

అపోహ: బ్యాటరీ ఫుల్ చార్జ్ చేసి ఉంచితే ఎప్పుడైనా రెడీ.

ఈ బండ్లలో వాడే లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలో ఒక్కో సెల్ ఫుల్ అంటే 4.2 వోల్టులు. వాడకుండా పక్కన పెట్టేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి, వాడేటప్పుడు 3 కిందికి పోనివ్వకూడదు. ఉబ్బితే ఇక వాడొద్దు. పోటీకి విమానంలో వెళ్తే విడి బ్యాటరీలు చేతి సంచిలోనే తీసుకెళ్ళాలి, చెక్-ఇన్ సామానులో వేయనివ్వరు.