మార్కులు దేశానికి, విమానానికి కాదు

కర్నూలు

పిల్లలూ,

విమాన భద్రత తనిఖీల్లో ఎక్కువ మార్కులొచ్చిన దేశంలో విమానాలు పడవా అని అడిగినారు కదా. ముందు మన ఓర్వకల్లు విమానాశ్రయం రన్‌వే చూడండి. రెండు కొసల్లో పెద్ద తెల్ల అంకెలుంటాయి. దిక్సూచి డిగ్రీలను పదితో భాగించి దగ్గరి పూర్తి అంకెకు సరిచేస్తే వచ్చేవే అవి. 90 డిగ్రీలైతే 09, అవతలి కొసకు 27. ఓర్వకల్లయినా ఒసాకా అయినా లెక్క ఒకటే.

1944లో షికాగోలో కుదిరిన ఒప్పందం నుంచి వచ్చిన పద్ధతులివి. చూసుకునేది మాంట్రియల్‌లోని ఐకావో, అంటే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ. సభ్యదేశాలు 193. రన్‌వే దాటినాక 60 మీటర్ల పట్టీ, దాని తర్వాత ఇంకో 90 మీటర్ల భద్రతా స్థలం పెద్ద రన్‌వేలకు తప్పనిసరి. 240 అయితే మేలనేది సిఫారసు మాత్రమే. తప్పనిసరిది పాటించలేని దేశం ఆ తేడాను ఐకావోకు రాసి తెలపాలి. గుట్టుగా ఉంచితేనే ముప్పు, బయటి పైలట్ అంతా సరిగ్గా ఉందనుకొని దిగుతాడు.

మాట కూడా ప్రమాణమే. 1996 నవంబరు 12న హర్యానాలో చర్ఖీ దాద్రీ మీద సౌదీ విమానం 14,000 అడుగుల్లో ఉంది. 15,000 దగ్గర ఆగాల్సిన కజకిస్తాన్ విమానం ఇంకా కిందికి దిగి దాన్ని గుద్దింది. 349 మంది పోయారు. కజక్ సిబ్బందికి ఇంగ్లిషు సరిగ్గా రాకపోవడం ఒక కారణం. ఇలాంటివి చూసే 2008 నుంచి భాషా పరీక్ష పెట్టినారు. ఉచ్చారణ, వ్యాకరణం, పదాలు, ధారాళత, అర్థం చేసుకోవడం, బదులివ్వడం: ఆరింటిలోనూ కనీసం నాలుగో స్థాయి రావాలి. అయిదింట ఆరు తెచ్చుకొని ఒకదాంట్లో మూడొచ్చినా తప్పినట్టే, మీ పదో తరగతి మాదిరి.

ఇక మార్కులు. ఐకావో తనిఖీ చేసేది విమానాన్ని కాదు, ప్రభుత్వాన్ని: చట్టాలు, లైసెన్సులు, మరమ్మతుల పర్యవేక్షణ, ప్రమాద దర్యాప్తు వగైరా ఎనిమిది విభాగాలు. 2022లో మనకు 85 శాతం దాటింది. అది సగటు కాబట్టి ఏ విభాగం వెనకబడిందో విడిగా చూడాల. అమెరికా సొంతంగా ఇంకో తనిఖీ చేస్తుంది. 2014 జనవరిలో మనల్ని రెండో తరగతికి దించింది. మన రెక్కలు బలహీనపడి కాదు, పూర్తికాలపు ఇన్‌స్పెక్టర్లు చాలక. 2015 ఏప్రిల్‌లో మళ్లీ మొదటి తరగతి ఇచ్చేదాకా మన కంపెనీలు అమెరికాకు కొత్త సర్వీసులు పెట్టుకోలేకపోయాయి. ఇన్‌స్పెక్టరు తక్కువైన రోజే విమానం కూలదు. చూడకుండా వదిలేసిన చిన్న లోపాలు ఒకదానిమీదొకటి పేరుకుంటాయి, అంతే.

రన్‌వే మీదికి ఎటూ పోనీరు. ఫోన్ మ్యాపులో దాని కోణం కొలిచి పదితో భాగించండి. మన దగ్గర దిక్సూచి చూపే అయస్కాంత ఉత్తరానికి, మ్యాపులోని అసలు ఉత్తరానికి తేడా ఒకటి రెండు డిగ్రీలే. ఏమొచ్చిందో రాయండి.

మీ తాత