శ్మశాన వైరాగ్యం, చొక్కా జేబు

బోడుప్పల్ నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం నాలుగు రోజులు నా బల్ల మీదే ఉండిపోయింది. వాళ్ల నాన్నగారికి గుండెపోటు వచ్చింది. ఆసుపత్రిలో ఐసీయూ బయట మెట్ల మీద ఆయన రాత్రంతా కూర్చున్నారు. తెల్లవారుజామున డాక్టర్ బయటికొచ్చి "సిగరెట్లు తాగేవారా?" అని అడిగారు. అడిగింది తండ్రి గురించే అయినా ఆ ప్రశ్న తనకే తగిలిందట. జేబులో ఉన్న పెట్టె తీసి అక్కడే చెత్తబుట్టలో పడేశారు. ఏడుస్తూ ఒట్టు పెట్టుకున్నారు. పదకొండో రోజు సాయంత్రం ఉప్పల్ మెట్రో స్టేషన్ కింద టీ కొట్టు దగ్గర మళ్లీ వెలిగించారు. "అంత ఏడుపు ఏమైపోయింది సార్? మా నాన్న మీద నాకు ప్రేమ లేదనుకోవాలా?" అని రాశారు.

ఆ ఆఖరి ప్రశ్న చదివాక ఊరుకోలేకపోయాను. ప్రేమ ఉందండీ. కాకపోతే ఆ ప్రేమ విలువ తెలిసిన మెదడు భాగం వేరు, మీ చేతిని జేబులోకి పంపిన భాగం వేరు. ఆ రెండూ ఒకదాన్నొకటి అడిగి పనిచేయవు.

మనవాళ్లు దీనికి ఏనాడో పేరు పెట్టారు: శ్మశాన వైరాగ్యం. దానికి తోబుట్టువులు కూడా ఉన్నాయి, పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం. పురాణం విని ఇంటికొచ్చేదాకా ఒకటి, కాన్పు నొప్పులు తగ్గేదాకా ఒకటి, చితి దగ్గర్నుంచి వచ్చి స్నానం చేసేదాకా ఒకటి. ఈ పేర్లు పెట్టినవాళ్లు మనిషిని ఎంత దగ్గరగా చూశారో అనిపిస్తుంది. కానీ పేరు పెట్టి అక్కడితో వదిలేశారు. వైరాగ్యం నిజమైనదే అయినా ఎందుకు నిలవదో తెలియడానికి ఒక ఎలుక, ఒక మీట, కాసిని చక్కెర గుళికలు కావలసి వచ్చాయి.

1980ల మొదట్లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో ఆంథొనీ డికిన్సన్, క్రిస్టఫర్ ఆడమ్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన పని ఇది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం కాబట్టి తొందరపడకుండా చెబుతాను. పెట్టెలో ఎలుక ఉంటుంది. మీట నొక్కితే చక్కెర గుళిక పడుతుంది. ఆడమ్స్ 1982లో ప్రచురించిన ప్రయోగంలో కొన్ని ఎలుకలు మీట నొక్కి 100 సార్లు గుళిక అందుకున్నాయి, కొన్ని 500 సార్లు. తర్వాత, మీట అందుబాటులో లేనప్పుడు, ఎలుక గుళిక తిన్నాక లిథియం క్లోరైడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. దానితో కడుపులో తిప్పుతుంది, వికారం పుడుతుంది. ఒకటి రెండుసార్లు అలా జరిగితే చాలు, ఎలుకకు ఆ గుళికంటేనే అసహ్యం. ముందు పెట్టినా ముట్టదు.

ఇప్పుడు మళ్లీ ఎలుకను మీట ఉన్న పెట్టెలో వదిలారు. గుళికలు రావడం ఆపేశారు, అంటే ఎలుక కొత్తగా ఏమీ నేర్చుకోవడానికి వీల్లేదు. 100 సార్ల ఎలుకలు మీట నొక్కడం తగ్గించేశాయి. వాటికి లెక్క తెలుసు: నొక్కితే వచ్చేది ఆ పాడు గుళికే, ఎందుకు నొక్కాలి? 500 సార్ల ఎలుకలు మాత్రం నొక్కుతూనే ఉన్నాయి. నోట్లో పెట్టుకోవడానికి ఒప్పుకోని వస్తువు కోసం పంజా చాస్తున్నాయి!

నాకు ఈ ఎలుకను తలుచుకుంటే జాలేస్తుంది. దానికి అసహ్యం నిజంగానే ఉంది. నేర్చుకున్నది నిజంగానే నేర్చుకుంది. అయినా పంజాకు ఆ కబురు అందలేదు.

ఉత్తరం రాసినాయన విషయం ఇదే. ఐసీయూ మెట్ల మీది రాత్రి ఆయనకు పడిన లిథియం ఇంజెక్షన్. సిగరెట్ విలువ ఆ ఒక్క రాత్రిలో తలకిందులైంది. ఇక నొక్కుళ్ల లెక్క చూడండి. పదిహేనేళ్లుగా తాగుతున్నారట, రోజుకు సగటున ఎనిమిది. అంటే సుమారు 43,800 సిగరెట్లు. ఒక్కో సిగరెట్‌కు పది దమ్ములు వేసుకున్నా నాలుగు లక్షలు దాటుతుంది. ప్రతి దమ్మూ ఒక నొక్కుడు, దాని వెనకే ఒక గుళిక, ఎందుకంటే పీల్చిన నికోటిన్ పది ఇరవై సెకన్లలోనే మెదడును చేరుతుంది. ఎలుక 500తోనే విలువ చూడటం మానేసింది. ఆయన నాలుగు లక్షల దగ్గరున్నారు. ఇంకా నయం, పది రోజులు ఆగగలిగారు.

మెదడు లోపల ఏం జరుగుతుందో కొంచెం లోతుగా చెప్పాలి. స్ట్రయేటం అని ఒక భాగం ఉంది. ఎలుకల్లో దాని మధ్యవైపు భాగం, ఏం చేస్తే ఏం వస్తుంది, వచ్చినదానికి విలువెంత అని చూస్తుంది. దానికి కబుర్లు ముందరి మెదడు నుంచి, భావోద్వేగాలకు కీలకమైన అమిగ్డలా నుంచి వస్తాయి. బయటివైపు భాగానికి కబుర్లు ముఖ్యంగా ఇంద్రియాలను, కండరాల కదలికను చూసే పొరల నుంచి వస్తాయి. ఫలానా దృశ్యం కనబడితే ఫలానా కదలిక, అంతే. ఒక పని కొత్తలో మధ్య భాగం చేతిలో ఉంటుంది, వందలసార్లు చేశాక పెత్తనం బయటి భాగానికి పోతుంది. 2004లో యిన్, నోల్టన్, బాలీన్ అనే పరిశోధకులు ఎలుకల్లో ఈ బయటి భాగాన్ని దెబ్బతీసి చూశారు. ఎంత శిక్షణ ఇచ్చినా వాటికి అలవాటు కుదరలేదు, బహుమతి పాడైందని తెలియగానే మీట నొక్కడం తగ్గించేశాయి. ఎంఐటీలో ఆన్ గ్రేబియెల్ బృందం చూసింది ఇంకా వింతగా ఉంటుంది. చిక్కుదారుల పెట్టెలో దారి బాగా అలవాటైన ఎలుకల్లో ఈ బయటి భాగపు నాడీకణాలు దారి మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి గట్టిగా మోగుతాయి, మధ్యలో దాదాపు నిశ్శబ్దం. పనంతా ఒక మూటగా కట్టేసి ఉంటుంది. ముడి విప్పితే చివరిదాకా దొర్లిపోవడమే.

డోపమైన్ గురించి ఒక్కమాట, ఎందుకంటే పిల్లలకు దీన్ని తప్పుగా చెబుతున్నాం. "ఆనంద రసాయనం" అని చెప్పి వదిలేస్తే లాభం లేదు. వోల్ఫ్రామ్ షుల్ట్‌జ్ అనే శాస్త్రవేత్త కోతుల మీద చూపించింది ఏమిటంటే, అనుకోకుండా పళ్లరసం చుక్క దొరికినప్పుడు మెదడులో డోపమైన్ విడుదల చేసే కణాలు ఎగసిపడతాయి. రసం వచ్చే ముందు ఒక గుర్తు చూపిస్తూ పోతే, కొన్నాళ్లకు రసానికి కదలవు, గుర్తుకే కదులుతాయి. వస్తుందనుకున్న రసం రాకపోతే సరిగ్గా ఆ క్షణానికి మామూలు స్థాయి కంటే కిందికి పడిపోతాయి. ఆ పడిపోవడమే మనకు వెలితిగా, చిరాకుగా తెలుస్తుందని నా ఊహ. ఒంట్లో డోపమైన్ పెంచుకోండి అని చెప్పే బదులు పిల్లలకు ఈ మూడు సంగతులు బొమ్మ గీసి చెబితే, వాళ్ల ఫోన్ ఎందుకు వదలబుద్ధి కాదో వాళ్లకే అర్థమవుతుంది.

ఎలుక సంగతి మనుషులకు వర్తిస్తుందా అని అడుగుతారు. 2011లో డేవిడ్ నీల్, వెండీ వుడ్ తదితరులు ప్రచురించిన పాప్‌కార్న్ ప్రయోగం ఉంది. సినిమా హాల్లో కొందరికి తాజా పాప్‌కార్న్, కొందరికి వారం రోజుల కిందటిది ఇచ్చారు. హాల్లో పాప్‌కార్న్ తినే అలవాటు గట్టిగా ఉన్నవాళ్లు పాతది బాగాలేదని చెబుతూనే తాజాదాన్ని తిన్నంతా తిన్నారు. అదే పాప్‌కార్న్ మీటింగ్ గదిలో ఇస్తే పాతదాన్ని తగ్గించారు. ఇంకోసారి హాల్లోనే, అలవాటు లేని చేత్తో తినమన్నారు. అప్పుడూ పాతదాన్ని తగ్గించారు! చెయ్యి మారేసరికి మూట ముడి జారింది, నాలుక చెప్పేది వినబడింది.

ఇక్కడ మనింటి ఆచారం ఒకటి గుర్తొస్తుంది. తాగుబోతు భర్త చేత బిడ్డ తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయిస్తారు. తప్పితే బిడ్డకు కీడు జరుగుతుందని భయం. చేయించే తల్లి బాధ నాకు తెలుసు, తప్పుపట్టను. కానీ ఆ భయం మెదడులో చేసే పని మనం కోరుకునే దానికి సరిగ్గా ఎదురు. 2009లో జర్మనీలో లార్స్ ష్వాబె, ఆలివర్ వోల్ఫ్ కొందరి చేత ఐసు నీళ్లలో చెయ్యి పెట్టించి టెన్షన్ కలిగించారు. తర్వాత ఏ గుర్తు నొక్కితే ఏ రుచి వస్తుందో నేర్పించి, అందులో ఒక రుచిని కడుపు నిండా తినిపించారు. టెన్షన్ లేనివాళ్లు ఆ రుచి వచ్చే గుర్తును వదిలేశారు. టెన్షన్ పడ్డవాళ్లు ఇక వద్దనుకున్న రుచి కోసమే నొక్కుతూ పోయారు. టెన్షన్ మనిషిని అలవాటు వైపు నెడుతుంది. ఒట్టు తప్పానన్న అపరాధ భావం, బిడ్డకేమవుతుందోనన్న వణుకు, ఇవి కూడా టెన్షనే. ఆ వణుకుతోనే అతను మళ్లీ అదే కొట్టుకు వెళతాడు. దయచేసి పిల్లల తలల్ని ఇందులోకి లాగకండి.

మరి ఏడుపు, భయం, ప్రేమ, వీటితో ఏ ప్రయోజనమూ లేదా? చాలా ఉంది. దాన్ని ఎక్కడ ఖర్చు పెడుతున్నామన్నదే అసలు విషయం.

ఉత్తరం రాసినాయనకు ఫోన్ చేసి ఉప్పల్‌లోనే కలుద్దామన్నాను. హైటెక్ సిటీ నుంచి వచ్చే రైలు దిగారు, ఇద్దరం మాట్లాడుకుంటూ మెట్లు దిగుతున్నాం. నాన్నగారి మందుల గురించి చెబుతున్నారు. ఆఖరి మూడు మెట్లున్నాయనగా ఆయన కుడిచెయ్యి చొక్కా జేబు దగ్గరికి వెళ్లింది. రెండు వేళ్లు లోపలికి దిగి, ఏమీ దొరక్క, బయటికొచ్చాయి. మాట ఆగలేదు. కింద బండి దగ్గర టీ అబ్బాయి మమ్మల్ని చూసి, ఏమీ అడక్కుండానే గ్లాసులో టీ పోసి, పక్కన ఒక విడి సిగరెట్ పెట్టాడు. దారంతో కట్టిన లైటర్ ఆ పక్కనే మేకుకు వేలాడుతోంది.

"ఇందాక మెట్ల మీద మీ చెయ్యి ఎక్కడికి వెళ్లిందో చూశారా?" అన్నాను.

"లేదు సార్. ఎక్కడికి?"

గుర్తులన్నీ వరుసగా ఉన్నాయి: మెట్లు, టీ వాసన, బండి, తెలిసిన ముఖం, గ్లాసు పక్కన తెల్లటి సిగరెట్. ఆసుపత్రిలో పది రోజులు ఇవేవీ లేవు, అందుకే ఆగగలిగారు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికన్ సైనికుల మీద లీ రాబిన్స్ చేసిన అధ్యయనంలో ఇదే పెద్ద ఎత్తున కనబడింది. అక్కడ దాదాపు 20 శాతం మంది హెరాయిన్‌కు బానిసలయ్యామని చెప్పారు. ఇంటికొచ్చిన మొదటి ఏడాదిలో వాళ్లలో మళ్లీ బానిసలైనవాళ్లు 5 శాతం మాత్రమే. ఊరు మారింది, మనుషులు మారారు, సరుకు దొరికే తీరు మారింది. హెరాయిన్ లాంటిదే అలా వదిలింది.

ఊరు మారడం అందరికీ కుదరదు. ఉన్న ఊళ్లోనే గుర్తులన్నీ మార్చేసే ఏర్పాటు మన దగ్గర ఒకటుంది, అయ్యప్ప దీక్ష. కార్తీకం వచ్చిందంటే హైదరాబాద్‌లో ఏ ఆఫీసులో చూసినా నల్లబట్టలు కట్టినవాళ్లు కనబడతారు. మా వీధిలో ఆటో నడిపే ఒకాయన రోజుకు రెండు పెట్టెలు తాగుతాడు, ఆ 41 రోజులు మాత్రం ముట్టడు. భక్తి ఉంది, కాదనను. దాంతోపాటు బట్టలు మారాయి, చెప్పుల్లేవు, పడక నేల మీద, స్నానం తెల్లవారుజామున, భోజనం వేరు, చుట్టూ ఉండే మనుషులు వేరు. అన్నిటికంటే ముఖ్యం, టీ కొట్టతను కూడా "స్వామీ, టీ ఒక్కటేనా?" అంటాడు. గ్లాసు పక్కన సిగరెట్ పెట్టడు. మాల తీసిన మర్నాడు ఆ నోరే "అన్నా" అంటుంది, గ్లాసు పక్కన సిగరెట్ మళ్లీ వస్తుంది.

21 రోజుల్లో అలవాటు మారుతుందని చెప్పేవాళ్లను నమ్మకండి. 1960లో ఒక అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్, రోగులు తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని రాసిన మాట అలా తిరిగి తిరిగి సూత్రమైపోయింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 84 రోజులు గమనించి చూస్తే, కొత్త పని దానంతటదే జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పడుతుందని తేలింది. కొందరికి 18 చాలు, కొందరికి 254 అని అంచనా. మధ్యలో ఒకరోజు తప్పితే కొంప మునగలేదన్నది కూడా వాళ్లే చూశారు.

ఉత్తరం రాసినాయనకు నేను చెప్పింది ఇంతే. ఏడుపు గంటల్లో చల్లారుతుంది, దాని వేడి ఉండగానే వస్తువుల్ని, దారుల్ని, మనుషుల్ని కదిలించాలి. రేపటి మీకు ధైర్యం ఉంటుందని లెక్క వేసుకోకండి, రేపటి మీకు సిగరెట్ అందకుండా ఇవాళే చేయండి. నికోటిన్ వదిలేటప్పుడు మొదటి వారం ఒళ్లు నిజంగానే ఎదురు తిరుగుతుంది, దానికి డాక్టర్ సలహాతో నికోటిన్ గమ్ లాంటివి ఉన్నాయి. పొగాకు మానడానికి ఫోన్‌లో సాయం చేసే జాతీయ క్విట్‌లైన్ 1800-112-356 ఉచితం.

ఆయన కాసేపు గ్లాసు వైపు చూశారు. సిగరెట్ తీసి మళ్లీ ఆ అబ్బాయి చేతికిచ్చి, "తమ్ముడూ, మా నాయనకు గుండె ఆపరేషన్ అయింది. నాకు ఇగ టీ ఒక్కటే. నేను అడిగినా ఇయ్యకు" అన్నారు. చెబుతుంటే గొంతు పూడుకుపోయింది. ఐసీయూ మెట్ల మీది దుఃఖం ఇంకా మిగిలే ఉంది.

"గట్లనే అన్నా" అన్నాడు ఆ అబ్బాయి. చెయ్యి చాచి లైటర్‌ను మేకు మీంచి తీసి బండి అవతలివైపు కట్టాడు.

మర్నాటి నుంచి రోడ్డు అవతలివైపు మెట్లు దిగుతున్నారు. చొక్కా జేబులో సోంపు పొట్లం పెట్టుకోమన్నాను, ఎందుకంటే పాత మూట పూర్తిగా చెరిగిపోదు. గ్రేబియెల్ ఎలుకల్లో కూడా అలవాటు మానిపించాక ఆ నాడుల మోత అణిగింది, బహుమతి మళ్లీ పెట్టగానే తిరిగొచ్చింది.

నిన్న రాత్రి ఫోన్ చేశారు. డెబ్భై రెండో రోజు. చుట్టాన్ని రైలెక్కించడానికి సికింద్రాబాద్ స్టేషన్‌కు వెళ్లారట. ప్లాట్‌ఫాం మెట్లు దిగుతుంటే ఎక్కడి నుంచో టీ వాసన వచ్చింది. "సార్, ఈసారి చూశాను. చెయ్యి పైకి లేస్తుంటే చూశాను" అన్నారు. వేళ్లకు సోంపు తగిలిందట. చుట్టానికి కాస్త పెట్టి, తనూ నోట్లో వేసుకున్నారట.