వాగు ఒడ్డుకు కౌలు

చిరంజీవులు అనన్యకు, కార్తీక్‌కు తాతయ్య ఆశీస్సులు.

నిరుడు అక్టోబరులో మనం అమెరికా పడమటి తీరాన, వాషింగ్టన్ రాష్ట్రంలోని మీ ఊరు ఇసాక్వాలో, చేపల హేచరీ వంతెన మీద నిలబడి, ఎదురీదుతూ వస్తున్న సాల్మన్ చేపలను చూస్తున్నప్పుడు, వాగు ఒడ్డున పంట మానేసి చెట్లు పెంచే రైతులకు ప్రభుత్వం డబ్బు ఇస్తుందని మన పక్కన నిలబడిన పెద్దమనిషి చెప్పడం మీరిద్దరూ విన్నారు. "ఏమీ పండించనందుకు డబ్బెందుకు తాతయ్యా?" అని కార్తీక్ అడిగాడు. ఆ రోజు నేను చెప్పిన జవాబు సగమే. మిగతా సగం ఇన్నాళ్లకు కుదురుగా కూర్చుని రాస్తున్నాను.

ముందు మన పులసను గుర్తు చేసుకోండి. సముద్రంలో ఉన్నంతకాలం ఇలస అనిపించుకునే చేప, వానాకాలపు ఎర్రనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాక పులస అవుతుంది. పుస్తెలమ్ముకునైనా పులస తినాలని మన వైపు సామెత. గుడ్లు పెట్టడానికి ఉప్పునీటిని వదిలి మంచినీటికి రావడంలో సాల్మన్ దానికి చుట్టమే. అయితే పసిఫిక్ సాల్మన్ తాను పుట్టిన వాగునే వెతుక్కుంటూ వచ్చి, అక్కడే గుడ్లు పెట్టి, అక్కడే ప్రాణం విడుస్తుంది. మీ ఊరి వాగుకు రావలసిన చేప సముద్రం నుంచి వచ్చి, సియాటిల్‌లోని బాలర్డ్ లాకుల పక్కన చేపల కోసం మెట్లుగా కట్టిన నిచ్చెన ఎక్కి, వాషింగ్టన్ సరస్సు దాటి, సమామిష్ నదిలో ఎదురీది, సమామిష్ సరస్సు గుండా ఇసాక్వా వాగులోకి చేరాలి.

ఆ దారి పొడవునా దానికి చల్లని నీరు కావాలి. వేసవిలో సాల్మన్‌కు ముఖ్యమైన ఆవాసంగా గుర్తించిన వాగుల్లో నీరు 16 డిగ్రీల సెల్సియస్ దాటకూడదని వాషింగ్టన్ రాష్ట్ర నిబంధన. నీరు వెచ్చబడే కొద్దీ అందులో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది, చేపలకు రోగాలు తొందరగా సోకుతాయి. 2015లో కొండల మీద మంచు సరిగా పేరుకోక, ఎండలు ముందుగానే ముదిరి, కొలంబియా నది వేడెక్కినప్పుడు, ఎదురీదుతున్న సాకై జాతి సాల్మన్ చేపలు సుమారు 2,50,000 గుడ్లు పెట్టకముందే చనిపోయాయి. భూమి వేడెక్కుతున్న కొద్దీ అటువంటి వేసవులు ఇంకా తరచుగా వస్తాయి కనుక, మంచు చేయలేని పనిలో కొంతైనా చెట్ల నీడ చేత చేయించుకోవాలి.

ఒడ్డున పెద్ద చెట్లుంటే కలిగే మేలు నీడతో ఆగదు. సాల్మన్ తల్లి తోకతో గులకరాళ్లను తవ్వి, గుంట చేసి, అందులో గుడ్లు పెట్టి మళ్లీ రాళ్లు కప్పుతుంది. ఆ రాళ్ల సందుల్లోంచి నీరు పారుతూ ఉంటేనే గుడ్లకు ఊపిరి అందుతుంది. ఒడ్డు కోసుకుపోయి మెత్తటి మట్టి పేరుకుంటే గుడ్లు ఉన్నచోటనే చచ్చిపోతాయి. ఒడ్డు కోత ఎలా ఉంటుందో మన ఇంట్లో ఒకరు చెప్పనక్కరలేదు. 1986 ఆగస్టు వరదలో గోదావరి మన లంక పొలంలో పదకొండు కొబ్బరి చెట్లను తీసుకుపోయింది. రెల్లు కొట్టించి చదును చేసిన చోట గట్టు విరిగింది, రెల్లు ఉంచిన చోట నిలిచింది. ఆ రెల్లు కొట్టించింది నేనే. అప్పటికి మీ నాన్న పదేళ్ల వాడు. చెట్లు ఒకటొకటిగా ఒరిగిపోవడం మా ఇద్దరం గట్టు మీద నిలబడి చూశాం. వేళ్లు చేసే పనిని నేను ఆ రోజు నేర్చుకున్నాను.

ఇక రాలిన ఆకులను పురుగులు తింటాయి, ఆ పురుగులను చేపపిల్లలు తింటాయి. ముసలిదై వాగులోకి కూలిన చెట్టు నీటి వేగాన్ని తగ్గించి, దాని వెనక లోతైన మడుగు ఏర్పరుస్తుంది; వేసవిలో పిల్లచేపలు తలదాచుకునేది ఆ మడుగులోనే. ఒకప్పుడు ఈ దుంగలు చేపలకు అడ్డమని తలచి అమెరికాలో ప్రభుత్వమే వాటిని ఏరించి వేసింది. ఇప్పుడు అదే దుంగలను యంత్రాలతో మోసుకొచ్చి వాగుల్లో పెడుతున్నారు.

ఇప్పుడు రైతు వైపు నుంచి చూడండి. వాగు పక్కన ఉన్నది చదునైన ఒండ్రు నేల, అతని పొలంలో మేలైన భాగం. వాగు వెంట 436 అడుగుల పొడవున, 100 అడుగుల వెడల్పు వదిలితే ఒక ఎకరం పోయినట్టే. వాగు పొలం మధ్యగా పారితే రెండు వైపులా పోతుంది. దాని మీద వచ్చే రాబడి పోయినా అప్పు, పన్ను పోవు. చల్లబడిన నీటి వల్ల బాగుపడేది మాత్రం ఆ రైతు ఒక్కడే కాదు: దిగువన చేపలు పట్టేవారు, సాల్మన్ మీదే బతికే ఓర్కా తిమింగలాలు, తరతరాలుగా ఆ చేపతో ముడిపడిన ఆదివాసీ జాతులు, ఆ ప్రాంతమంతా బాగుపడుతుంది. అందరి మేలుకూ ఒక్కడి చేత ఖర్చు పెట్టించడం న్యాయం కాదు కనుక, అందరి సొమ్ములోంచి అతనికి కొంత ఇస్తారు. కార్తీక్, దాన్ని దానమని అనుకోవద్దు. అది కౌలు. ఆ ఒడ్డును చేపల కోసం ప్రభుత్వం కౌలుకు తీసుకుంటోంది.

వాషింగ్టన్‌లో ఈ ఏర్పాటు 1998 నుంచి ఉంది. అమెరికా కేంద్ర వ్యవసాయ శాఖ, రాష్ట్రం కలిసి నడిపే పథకంలో రైతు 10 నుంచి 15 ఏళ్లకు ఒప్పందం చేసుకుంటాడు. ఏటా కౌలు వస్తుంది, మొక్కలకూ కంచెకూ అయ్యే ఖర్చు వస్తుంది, తొలి ఏళ్ల సంరక్షణకూ డబ్బు ఉంటుంది. రైతుతో మాట్లాడేది పరిరక్షణ జిల్లాలు అనే స్థానిక సంస్థల వారు. 1930లలో దుమ్ము తుఫానులు అమెరికా పొలాలను ఊడ్చేసిన తర్వాత పుట్టిన ఈ సంస్థలు వాషింగ్టన్‌లో 45 ఉన్నాయి. జరిమానా వేసే అధికారం వీరికి లేదు కనుక రైతు వీరిని చూసి తలుపు మూయడు. ఇది చిన్న విషయం కాదు.

అయితే ఇష్టమున్నవారే చేరితే చాలునా అన్న వాదన అక్కడ గట్టిగా ఉంది. 1854-55లో అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందాల్లో ఆదివాసీ జాతులు తమ భూముల్లో చాలా భాగం వదులుకుని, అలవాటైన చోట్ల చేపలు పట్టే హక్కును మాత్రం నిలుపుకున్నాయి. పట్టదగిన చేపలో సగం వారిదని 1974లో న్యాయమూర్తి జార్జ్ బోల్ట్ తీర్పు ఇచ్చారు. చేపే లేకపోతే సగం ఎక్కడిది? స్వినోమిష్ జాతికి చెందిన లొరేన్ లూమిస్ అనే పెద్దావిడ దశాబ్దాల పాటు దీని కోసం పాటుపడి 2021లో కన్నుమూశారు. ఒడ్డున చెట్ల పట్టీని తప్పనిసరి చేసే బిల్లును ఆమె పేరు మీద 2022లో శాసనసభ ముందు పెట్టారు. రైతులు వ్యతిరేకించారు, బిల్లు నెగ్గలేదు. ఆ తర్వాత స్వచ్ఛంద పద్ధతికే నిధులు పెంచే దారి పట్టారు.

ఆ నిధుల్లో కొంత వచ్చే చోటు నాకు నచ్చింది. 2021లో రాష్ట్రం చేసిన వాతావరణ చట్టం ప్రకారం, ఏడాదికి 25,000 టన్నులకు మించి కార్బన్ వాయువులు వదిలే సంస్థలు అందుకు అనుమతులు పొందాలి. ఆ అనుమతులను వేలంలో అమ్మడం 2023లో మొదలైంది. నీటిని వేడెక్కించిన పొగ మీద వచ్చిన సొమ్ముతో నీటికి నీడ కడుతున్నారు. 2024 నవంబరులో ఈ చట్టాన్ని రద్దు చేయాలన్న ప్రతిపాదనను ఓటర్లు నూటికి అరవై మందికి పైగా తిరస్కరించారు.

అయినా నాకు రెండు దిగుళ్లు ఉన్నాయి. రాష్ట్ర బడ్జెట్టు రెండేళ్లకొకసారి వేస్తారు, చెట్టు నీడ పట్టడానికి దశాబ్దాలు పడుతుంది. నాటిన రోజున ఫోటో తీసి వెళ్లిపోతే, పేరులో హిమాలయం ఉన్నా ఆర్మీనియా వైపు నుంచి వచ్చిన బ్లాక్‌బెర్రీ ముళ్లపొద ఆ మొక్కలను కప్పేస్తుంది. కలుపు తీసే కూలికి డబ్బు లేకుండా మొక్కలకు మాత్రమే డబ్బివ్వడం, నారు పోసి నీరు కట్టకపోవడం వంటిది. రెండవది మరీ ముఖ్యం. పైనున్న రైతు చెట్లు పెంచి, కిందనున్న ఇద్దరు పెంచకపోతే, చల్లబడిన నీరు ఆ రెండు పొలాలు దాటేసరికి మళ్లీ వేడెక్కుతుంది. కాబట్టి కౌలు పంట రాబడికి దీటుగా ఉండాలి. ఒకే వాగు మీద వరుసగా చేరే ఇరుగుపొరుగుకు ముందుగా ఇవ్వాలి. అలా ఇవ్వగలిగినంత కాలం రైతు ఇష్టాన్నే నమ్ముకోవడం మంచిదని నా అభిప్రాయం. ఇవ్వలేకపోతే, నిర్బంధం కావాలని అడిగే ఆదివాసీ జాతులను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

అనన్యా, వచ్చే నవంబరులో నేను మళ్లీ వస్తున్నాను. వానలు పడి నేల మెత్తబడే ఆ నెలలోనే అక్కడ మొక్కలు నాటడం మొదలవుతుంది. మీ దగ్గరి పరిరక్షణ జిల్లా వారిని అడిగి, పిల్లలను ఏ రోజు రానిస్తారో, నాటిన తర్వాత కలుపు తీయడానికి ఎవరు వస్తారో, రెండూ తెలుసుకుని నాకు రాయి. ఎండ తగిలే చోట త్వరగా ఎదిగే ఆల్డర్‌ను, నీడను ఓర్చుకునే సెడార్‌ను దాని వెనక నాటుదాం. కార్తీక్‌కు రబ్బరు బూట్లు ఒక సైజు పెద్దవి కొనమని అమ్మతో చెప్పు.

ఇట్లు,
మీ తాతయ్య