కాలిఫోర్నియా ఇళ్ల ధరలు: 1975 తీర్పు మిగిల్చిన బాకీ

రైలు స్టేషన్ల చుట్టూ ఎన్ని అంతస్తులు కట్టనివ్వాలో ఎవరు నిర్ణయించాలన్న వివాదం కాలిఫోర్నియాలో మళ్లీ రాజుకుంది. 2025 అక్టోబరు 10న గవర్నర్ గావిన్ న్యూసమ్ సంతకం చేసిన ఎస్‌బీ 79 చట్టం ప్రధాన రవాణా స్టేషన్లకు అర మైలు లోపు అపార్ట్‌మెంట్లకు దారి తెరిచింది. కొన్ని స్టేషన్ల పక్కనే తొమ్మిది అంతస్తుల దాకా కట్టుకోవచ్చు. నగరాల సొంత నిబంధనలు అడ్డుచెప్పినా ఈ చట్టమే చెల్లుతుంది. బిల్లు శాసనసభలో ఉన్నప్పుడే లాస్ ఏంజెలెస్ నగర మండలి దాన్ని వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. మేయర్ కరెన్ బాస్ కూడా వద్దన్నారు.

వ్యతిరేకుల మాట ఒక్కటే: ఇది అందరూ కోరుకునే ప్రాంతం, అందుకే ఇక్కడ ఇల్లు ఖరీదు, ఎంత కట్టినా ధరలు దిగవు. బంగారు వేట, హాలీవుడ్, సిలికాన్ వ్యాలీ కథలన్నీ ఈ వాదనకు తోడొస్తాయి. అవి అందరికీ తెలిసినవే. ఈ వాదనకు అందని లెక్క మరొకటి ఉంది.

1950లో కాలిఫోర్నియా జనాభా కోటీ ఆరు లక్షలు. 1970 నాటికి అది దాదాపు రెండు కోట్లయింది. ఇరవై ఏళ్లలో అంతమంది వచ్చి చేరినా, 1970లో అక్కడి ఇళ్ల ధరలు దేశ సగటు కంటే 30 శాతమే ఎక్కువ. తర్వాతి పదేళ్లలో ఆ తేడా 80 శాతం దాటింది. 2015లో రాష్ట్ర శాసనసభా విశ్లేషకుని కార్యాలయం లెక్క కట్టేసరికి కాలిఫోర్నియాలో సగటు ఇల్లు 4,40,000 డాలర్లు, దేశ సగటు 1,80,000 డాలర్లు. ఎండ, సముద్రం, కొలువులు 1970కి ముందూ ఉన్నాయి. వచ్చిన వాళ్లకు సరిపడా ఇళ్లు కట్టనివ్వడం మాత్రం ఆ దశాబ్దంలో ఆగిపోయింది.

ఎలా ఆగిందో తెలియాలంటే శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఉన్న పెటలూమా అనే చిన్న పట్టణాన్ని చూడాలి. 1969లో అక్కడ 358 కొత్త ఇళ్లు లేచాయి. 1971లో 891. బడులు, మురుగునీటి ఏర్పాట్లు తట్టుకోలేవని పట్టణ పాలకులు బెదిరిపోయారు. 1972 నుంచి ఐదేళ్లపాటు ఏడాదికి 500 ఇళ్లకు మించి కట్టరాదని పరిమితి పెట్టారు. చిన్నాచితకా నిర్మాణాలకు ఆ పరిమితి నుంచి మినహాయింపు ఇచ్చారు. ఊరి చుట్టూ విస్తరణ సాగకుండా హరిత వలయం గీశారు.

బిల్డర్లు ఫెడరల్ కోర్టుకు వెళ్లారు. 1974లో కింది కోర్టు పరిమితిని కొట్టేసింది. చుట్టుపక్కల పట్టణాలన్నీ ఇదే బాట పడితే ఆ దశాబ్దంలో ప్రాంతానికి అవసరమయ్యే ఇళ్లలో సుమారు నాలుగో వంతు తక్కువ పడతాయని ఆ కోర్టు గుర్తించింది. 1975లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ తీర్పును తిరగరాసింది. తన నివాసుల మేలు చూసుకునే అధికారం పట్టణానికి ఉందని చెప్పింది. దానివల్ల ప్రాంతానికో రాష్ట్రానికో నష్టం జరుగుతుంటే సరిదిద్దవలసింది రాష్ట్ర శాసనసభ, ఫెడరల్ కోర్టులు కాదని స్పష్టంగా రాసింది. 1976లో సుప్రీంకోర్టు ఈ కేసు వినడానికి నిరాకరించింది.

ఈ రోజు గొడవంతా ఆ తీర్పులోనే ఉంది. పెటలూమాలో ఇల్లు దొరకక దూరంగా వెళ్లిన కుటుంబానికి పెటలూమాలో ఓటు లేదు. ఓటున్న వాళ్లకు ఇల్లు ముందే ఉంది. ఆ మొదటి కుటుంబం తరఫున మాట్లాడే బాధ్యతను కోర్టు శాసనసభకు అప్పగించింది. శాసనసభ దాన్ని గట్టిగా తలకెత్తుకోవడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది.

ఈలోగా గోడలు ఒకదాని మీద ఒకటి లేచాయి. 1970లో ప్రభుత్వ పనుల కోసమని తెచ్చిన పర్యావరణ నాణ్యతా చట్టాన్ని 1972లో రాష్ట్ర సుప్రీంకోర్టు ప్రభుత్వ అనుమతి అవసరమైన ప్రైవేటు నిర్మాణాలకూ వర్తింపజేసింది. దాంతో పక్కింటివాళ్లు దావా వేసి అపార్ట్‌మెంటును ఏళ్ల తరబడి ఆపగలిగారు. 1978లో ఓటర్లు ఆమోదించిన ప్రతిపాదన 13 ఆస్తి పన్నును మదింపు విలువలో ఒక శాతానికి కట్టేసింది. ఇల్లు చేతులు మారనంత కాలం ఆ విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు. పెరిగిపోతున్న పన్నుతో హడలిపోయిన వృద్ధులకు అది నిజంగా ఊరటే. కానీ వీధిలో ధరలు ఎంత పెరిగినా పాత యజమానికి ఏ నొప్పీ లేకుండా పోయింది. 1986లో లాస్ ఏంజెలెస్ ఓటర్లు చాలా వాణిజ్య స్థలాల్లో కట్టదగిన విస్తీర్ణాన్ని సగానికి కోశారు.

టెక్సస్ రాష్ట్రంలోని హ్యూస్టన్ నగరంతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. ఏ ప్రాంతంలో ఏ రకం కట్టడం ఉండాలో చెప్పే జోనింగ్ చట్టాన్ని అక్కడి ఓటర్లు 1948, 1962, 1993లలో తిప్పికొట్టారు. నగరం నడిబొడ్డున ఒక ఇంటికి కావలసిన కనీస స్థలాన్ని 1998లో 5,000 చదరపు అడుగుల నుంచి 1,400కు తగ్గించారు. జనం పోటెత్తినా అక్కడ ధరలు తీర నగరాల దారి పట్టలేదు.

ఎవరూ కోరని చోట కథ వేరు. డెట్రాయిట్‌లో 1950లో పద్దెనిమిదిన్నర లక్షల మంది ఉండేవారు. 2020 నాటికి 6,39,000 మంది మిగిలారు. మనుషులు వెళ్లినంత త్వరగా ఇళ్లు కూలవు. అందుకే అక్కడ చాలా ఇళ్లు కొత్తగా కట్టే ఖర్చు కంటే తక్కువకు అమ్ముడుపోయాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో కొనేవాడు గోడలకూ కప్పుకూ ఇచ్చేది కొంతే. మిగతాదంతా కట్టే అనుమతి ఉన్న స్థలం కరువు వల్ల ఇచ్చుకునే మూల్యం. ఈ తేడా మనుషుల బతుకులను కట్టేసింది. వందేళ్లపాటు అమెరికాలో పేద రాష్ట్రాల ఆదాయాలు ధనిక రాష్ట్రాలకు దగ్గరవుతూ వచ్చాయి. 1980 తర్వాత ఆ దగ్గరవడం మందగించిందని, ధనిక ప్రాంతాల ఇళ్ల ధరలు ఒక ముఖ్య కారణమని పీటర్ గానాంగ్, డానియల్ షోగ్ అనే ఆర్థికవేత్తలు చూపించారు. మంచి జీతం ఉన్న చోటికి వెళ్లినా అద్దె ఆ జీతాన్ని మింగేస్తే, వంటవాడూ కాపలాదారూ ఎందుకు వెళతారు?

నగరాల వాదనలో నిజం లేకపోలేదు. కొత్త భవనం కోసం పాతది కూల్చితే ముందు రోడ్డున పడేది అద్దెకున్న పేదలే. ఎస్‌బీ 79లో అద్దెదారుల రక్షణకు నిబంధనలు పెట్టింది అందుకే.

2026 జులై 1ని అమలు తేదీగా పెట్టుకున్న ఈ చట్టం రైలు స్టేషన్లు ఎక్కువగా ఉన్న ఎనిమిది కౌంటీలకే (మన జిల్లాల్లాంటివి) పరిమితం. అంతే సామర్థ్యం వచ్చేలా నగరాలు తమ సొంత ప్రణాళిక వేసుకునే వెసులుబాటూ ఇచ్చారు. 2025 జూన్‌లో వచ్చిన మరో చట్టం నగరాల లోపలి చాలా ఇళ్ల నిర్మాణాలను పర్యావరణ సమీక్ష నుంచి తప్పించింది. ప్రతిపాదన 13 మాత్రం చెక్కుచెదరలేదు. పెద్ద వాణిజ్య ఆస్తుల వరకైనా దాన్ని సడలిద్దామన్న ప్రతిపాదన 15ను 2020లో ఓటర్లు తిరస్కరించారు. ఇళ్ల జోలికి వెళ్లే ధైర్యం ఇప్పటి నాయకుల్లోనూ కనిపించడం లేదు.