మూత లెక్కన మందు, మిరపలో అవశేషాలు: అపోహలు - వాస్తవాలు

దర్శి దగ్గర పురుగు మందుల షాపు నాది. మిరప సీజన్ వస్తే కౌంటర్ దగ్గర రోజూ వినే మాటలివి. అవశేషం అంటే కొట్టిన మందులో కాయలో మిగిలిపోయేది.

అపోహ: డోసు కాస్త పెంచితే ఏమవుతుంది, పురుగు గ్యారంటీగా చస్తుంది కదా?

మిరపలో రసం పీల్చే పురుగులకు కొట్టే ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్.ఎల్. అనే మందు ఎకరానికి 50 నుంచి 100 మి.లీ. చాలు. 200 లీటర్ల నీళ్ల లెక్కన 16 లీటర్ల ట్యాంకుకు 4 నుంచి 8 మి.లీ. పడుతుంది. మొన్న ఒక బాబాయి "ట్యాంకుకి మూతడు పోస్తా" అన్నాడు. ఆయన మూతలో నీళ్లు నింపి సిరంజితో లాగితే 14 మి.లీ. వచ్చింది. "అయితే ఇన్నాళ్లూ డబుల్ కొడుతున్నానా అబ్బాయా?" అని కాసేపు ఆ మూత వంకే చూశాడు. అప్పటి నుంచి సీసాతో పాటు సిరంజి కూడా ఇస్తున్నా. "చెట్టుకి ఇంజెక్షనా?" అని నవ్వి, అక్కడే వదిలేసి పోయేవాళ్లూ ఉన్నారు.

కాయలో నాలుగు రోజులకు సగమయ్యే మందు ఒకటి ఉందనుకోండి. రెట్టింపు కొడితే, మామూలు డోసుతో మొదటి రోజు ఉండాల్సినంతకు దిగడానికే నాలుగు రోజులు పోతాయి. ఈలోపు ఇంకో స్ప్రే పడితే పాతదాని మీద కొత్తది చేరుతుంది.

అపోహ: మందు కొట్టాక బెండకు మూడు రోజులాగి కోస్తున్నాం, మిరపకూ అంతే.

ఇమిడాక్లోప్రిడ్ కొట్టాక లేబుల్ ప్రకారం బెండ, టమాటాకు 3 రోజులు, నిమ్మకు 15, మిరపకు 40 రోజులు ఆగాలి. అదీ చెప్పిన డోసు కొట్టినప్పటి లెక్క. కోతల మధ్య అన్ని రోజులు ఎవరు ఆగుతారు? అందుకే కాయ పట్టాక ఈ మందు అడిగితే నేను ఇవ్వను. పక్క షాపులో దొరుకుతుందనుకోండి, అది వేరే సంగతి.

అపోహ: కల్లంలో ఎండకు మందంతా పోతుంది.

కొంత విరిగిపోతుంది, నిజమే. కానీ నాలుగైదు కిలోల పండుకాయ ఎండితే మిగిలేది కిలో. నీళ్లు పోయినంతగా మందు పోదు, కాబట్టి కిలోకి లెక్కేస్తే అవశేషం పెరుగుతుంది. పచ్చికాయలో అవశేషం చట్టం ఒప్పుకునే పరిమితికి లోపలున్నా ఎండుకాయలో చాలా పైకి కనిపించేది ఇందుకే.

అపోహ: కడిగితే సరి.

పైపైన ఉన్నది కొంత పోతుంది. ఇమిడాక్లోప్రిడ్, అసిఫేట్ లాంటివి మొక్క లోపలికి పాకే రకం, వాటిని ఉప్పునీళ్లూ తీయలేవు.

అపోహ: డబ్బా మీద ఆకుపచ్చ త్రికోణం ఉంది, ఎంత కొట్టినా పర్లేదు.

మందు నేరుగా ఒంట్లోకి పోతే ఎంత ప్రమాదమో చెప్పే గుర్తు అది. కాయలో ఎన్నాళ్లు ఉంటుందో దానికి సంబంధం లేదు. ఆ లెక్క డబ్బాతో వచ్చే మడత కాగితంలో ఉంటుంది, మనవాళ్లు షాపు మెట్ల మీదే పారేసేది దాన్నే.