క్యారెట్‌కు కాపలా విత్తక ముందే

మిద్దె తోటలో పెంచిన క్యారెట్‌ను పీకినప్పుడు నున్నటి దుంపకు బదులు రెండు మూడు పాయలుగా చీలిన కురచ వేరు కనిపిస్తే చాలామంది విత్తనాన్ని తప్పుపడతారు. రాళ్లు, గట్టి మట్టి, సరిగా చివకని పశువుల ఎరువు, నారు పోసి నాటడం కూడా దుంపను చీలుస్తాయి. అయితే పిల్లవేళ్ల మీద ఆవగింజలంతేసి బుడిపెలు కూడా ఉన్నాయంటే, అది వేరుబుడిపె నులిపురుగు పనేనని అనుమానించాలి. పైన ఆకులు తరచుగా పచ్చగానే ఉంటాయి కాబట్టి పీకే రోజు వరకూ సంగతి బయటపడదు.

మెలాయిడోగైనీ ప్రజాతికి చెందిన ఈ పురుగు చేసే బుడిపెలను 1855లో ఇంగ్లండులో మైల్స్ జోసెఫ్ బర్క్‌లీ గాజుగృహంలోని దోస వేళ్ల మీద చూసి వర్ణించాడు. గుడ్డులోంచి వెలువడే పిల్ల పురుగు అర మిల్లీమీటరుకు మించదు. మట్టి రేణువుల మధ్యనున్న నీటి పొరలో కదులుతూ వచ్చి, వేరు కొన దగ్గర లోపలికి దూరి, కొన్ని కణాల్లోకి తన స్రావాలను ఎక్కిస్తుంది. ఆ కణాలు రెండుగా విడిపోవు గాని, వాటి కేంద్రకాలు మాత్రం పదే పదే విభజన చెందుతాయి. అలా తయారైన భారీ కణాల నుంచే పురుగు తన జీవితకాలమంతా ఆహారం పీల్చుకుంటుంది, చుట్టూ ఉన్న కణజాలం ఉబ్బి బుడిపె అవుతుంది. ఆడపురుగు అక్కడే కదలకుండా ఉండి, జిగురు పదార్థంలో కొన్ని వందల గుడ్లు పెడుతుంది. మట్టి వెచ్చగా ఉంటే దాదాపు నెలకే ఒక తరం పూర్తవుతుంది; చలిలో వేగం తగ్గుతుంది.

టమాటా, వంగ, బెండలకూ ఇదే పురుగు పడుతుంది, కానీ అవి కొత్త వేళ్లు వేసుకుని ఎంతో కొంత కాపు ఇస్తాయి. క్యారెట్‌లో మనం తినేదే వేరు. మొలకెత్తిన తొలి వారాల్లో తల్లివేరు లోతుకు దిగుతుంది, లావెక్కడం ఆ తరవాతి పని. ఆ దిగే కాలంలో కొన దెబ్బతింటే దుంప ఆకారం అప్పుడే ఖరారైపోతుంది. తరవాత ఏ మందు వేసినా చీలిన వేరు తిరిగి అతుక్కోదు. ఆకుల మీద వేపనూనె చల్లడం పేనుబంకకు ఉపయోగపడుతుంది గాని, ఈ పురుగు జోలికి పోదు. అందుచేత రక్షణంతా విత్తక ముందే పూర్తి కావాలి.

మొదట చేయవలసింది పాత పంట వేళ్లను చూడడం. టమాటా మొక్కలను తీసేసేటప్పుడు వేళ్లు ఉబ్బి ఉంటే ఆ కుండీ మట్టిలో క్యారెట్ వేయకూడదు. చిక్కుడు జాతి వేళ్ల మీద నత్రజనిని నిలిపే మేలైన బుడిపెలను చూసి మాత్రం భయపడనక్కరలేదు. అవి గోటితో గిల్లితే సులువుగా ఊడివస్తాయి, లోపల గులాబి రంగులో ఉంటాయి. నులిపురుగు బుడిపె వేరులోనే భాగం, ఊడిరాదు.

మట్టిని శుద్ధి చేయడానికి మన ఎండే పెద్ద సాధనం. తడి మట్టిపై పాలిథీన్ పరిచి సూర్యరశ్మితో వేడెక్కించే పద్ధతిని 1976లో ఇజ్రాయెల్‌లో జాకబ్ కటాన్ బృందం, మట్టి ద్వారా వచ్చే తెగుళ్ల అదుపు కోసం ప్రచురించింది. షీటు నల్లది కాదు, ఎండను లోపలికి పోనిచ్చే పారదర్శకమైనది కావాలి. అంచులు గాలి చొరకుండా మూయాలి. ఏప్రిల్, మే నెలల్లో నాలుగు నుంచి ఆరు వారాలు అలాగే ఉంచాలి. నేల మీది మడిలో లోతున దాగిన పురుగులు బతికిపోయి మళ్లీ పైకి వస్తాయి. మిద్దె మీద ఆ చిక్కు తక్కువ, ఎందుకంటే కుండీల మట్టిని పలచగా పరిచి మొత్తం వేడెక్కించవచ్చు.

బంతి మొక్క గురించి ప్రచారం ఎక్కువ, అవగాహన తక్కువ. దాని వేళ్లలోని ఆల్ఫా టెర్థైనిల్ అనే రసాయనం నులిపురుగులకు విషమే, కానీ క్యారెట్ మడి అంచున నాలుగు బంతి మొక్కలు పెడితే చాలదు. క్యారెట్ వేయబోయే మట్టిలోనే ముందుగా రెండు మూడు నెలలు ఒత్తుగా పెంచాలి. తెలుగు నేల పంచాంగానికి ఇది చక్కగా కుదురుతుంది: వానాకాలంలో నాటితే బతుకమ్మకు, దసరాకు పూలొస్తాయి, అవి కోసుకున్నాక మొక్కలను తీసి, వేపపిండి కలిపి, రెండు వారాలు ఆగి క్యారెట్ విత్తుకోవచ్చు. అప్పటికి చలి కూడా మొదలై పురుగు జోరు తగ్గుతుంది.

ఇంగ్లండులో పెరటి సాగు చేసే తెలుగువారి లెక్క వేరు. అక్కడి ప్రధాన శత్రువు క్యారెట్ ఈగ. అది నేలకు దగ్గరగా ఎగిరి మొక్క మొదట్లో గుడ్లు పెడుతుంది, పిల్లలు దుంపలో సొరంగాలు తవ్వుతాయి. సన్నని వల కప్పితే ఈగ ఆగుతుంది. ఆ సలహా చదివి ఇక్కడ వల కొంటే, మట్టిలోనే ఉన్న నులిపురుగుకు అది అడ్డమే కాదు.

బుడిపెలున్న క్యారెట్ తినడం వల్ల మనిషికి ప్రమాదం లేదు. చెక్కు తీసి వండుకోవచ్చు. ఆ చెక్కును, పిల్లవేళ్లను మాత్రం సరిగా వేడెక్కని ఇంటి కంపోస్టు డబ్బాలో వేయకూడదు, గుడ్లు అందులోంచి మరుసటి ఏడాది కుండీలకు చేరతాయి.